తీపికో వేళ

నెదర్లాండ్స్‌లో మనిషి సగటున ఏడాదికి 2 కిలోల దాకా డ్రాప్ తింటాడని లెక్క. మరే దేశమూ ఈ మిఠాయిని ఇంతగా తినదు. గొంతు గరగరలాడితే మన ఇళ్లలో బుగ్గన పెట్టుకునే అతిమధురం వేరు ఉంది కదా, దాని రసాన్ని నల్లగా చిక్కబడేదాకా మరిగించి, చక్కెర పాకమూ తుమ్మ జాతి చెట్ల జిగురూ కలిపి, అచ్చుల్లో పోసి ఆరబెడితే డ్రాప్ అవుతుంది. నాణేల్లాంటి గట్టి బిళ్లలు, పిల్లి బొమ్మలు, తేనె కలిపిన మెత్తని ముక్కలు, ఇలా దానికి లెక్కలేనన్ని రూపాలు. తీపి డ్రాప్‌ను ఎవరైనా ఎలాగో ఒప్పుకుంటారు. డచ్చివాళ్లు ప్రాణం పెట్టేది ఉప్పు డ్రాప్ మీద. అందులో నాలుకను చురుక్కుమనిపించేది అమ్మోనియం క్లోరైడ్, అంటే ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్లు వాడే నవాసారమే. దేశం విడిచి టొరంటోకో మెల్‌బోర్న్‌కో చేరినవాళ్లలో కొందరు ఇంటికి వెళ్లినప్పుడల్లా పెట్టెలో పట్టినంత తెచ్చుకుంటారు. కొందరు ఇక్కడ దొరకదులే అని మనసు చంపుకుంటారు. ఈ అధ్యాయం రెండు దారులనూ వద్దంటుంది. సొంతగడ్డ తీపి పరాయి గడ్డ మీద రుచించాలంటే రాశి కన్నా వేళ ముఖ్యం. ఎప్పుడు, ఎవరితో, ఎంత అన్నది ముందే ఏర్పరచుకుంటే గుప్పెడు మిఠాయి ఏడాదంతా సరిపోతుంది. ఆ ఏర్పాటు లేకపోతే ఎన్ని డబ్బాలు తెచ్చుకున్నా ఒంటరిగా నమలడమే మిగులుతుంది.

ఈ రుచి మనిషిలో ఎంత లోతున పాతుకుంటుందో ముందు చూడాలి. నెదర్లాండ్స్‌లో బిడ్డ పుడితే చూడవచ్చినవాళ్లకు గుండ్రని రస్క్ మీద వెన్న రాసి, చక్కెర పూత పూసిన అనిస్ గింజలు చల్లి పెడతారు. సోంపు పరిమళం ఉండే ఈ గింజలను మౌషెస్ అంటారు. అమ్మాయికి గులాబీ, అబ్బాయికి నీలం. బాలింతకు అనిస్ మంచిదన్న పాత నమ్మకం ఈ ఆచారం వెనక ఉంది. 2000లో ఫ్రాన్స్‌కు చెందిన బెన్వా షాల్ బృందం ఇదే అనిస్ మీద ఒక పరిశోధన ప్రచురించింది. గర్భంతో ఉండగా అనిస్ తిన్న తల్లుల పిల్లలు పుట్టిన కొన్ని గంటలకే ఆ వాసనకు ఇష్టంగా స్పందించారు. తినని తల్లుల పిల్లలు ముఖం చిట్లించారు, లేదా పట్టించుకోలేదు. ఇక నవాసారం సంగతి. 2023లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎమిలీ లిమన్ బృందం, నాలుక మీద పులుపును పసిగట్టే ప్రొటీనే అమ్మోనియం క్లోరైడ్‌కూ స్పందిస్తుందని తేల్చింది. అమ్మోనియా ఎక్కువైతే ఒంటికి విషం కాబట్టి, దాన్ని దూరం పెట్టడానికే ఈ పసిగట్టే గుణం ఏర్పడి ఉండవచ్చని ఆ బృందం భావించింది. అంటే ఒకవైపు కడుపులో ఉండగానే అబ్బే పరిమళం, మరోవైపు నాలుక మొదట వద్దని, చిన్నతనమంతా పెద్దల పక్కన కూర్చుని తింటూ ఇష్టపడడం నేర్చుకునే ఉప్పు. ఇలా అబ్బిన రుచిని ఊరు మారినంత మాత్రాన వదిలేయమనడం అమానుషం. మరిచిపొమ్మనే సలహాను అందుకే పక్కన పెడుతున్నాను.

అయితే పెట్టె నింపుకుంటే సరిపోతుందా? చాలదనడానికి మంచి ఆధారమే ఉంది. యోర్డి క్వాడ్‌బాక్, ఎలిజబెత్ డన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2013లో ప్రచురించిన ప్రయోగంలో, చాక్లెట్ రుచి చూసినవాళ్లను మూడు జట్లు చేశారు. ఒక జట్టును వారం రోజులు చాక్లెట్ ముట్టవద్దన్నారు. ఇంకో జట్టుకు దాదాపు కిలో చాక్లెట్ ఇచ్చి, ఇబ్బంది పడనంతవరకు తినమన్నారు. మూడో జట్టుకు ఏమీ చెప్పలేదు. వారం తర్వాత అందరికీ మళ్లీ ఒక ముక్క ఇస్తే, మానేసి వచ్చినవాళ్లే దాన్ని ఎక్కువగా ఆస్వాదించారు, వాళ్ల మనసే ఎక్కువ ఉల్లాసంగా ఉంది. వారమంతా తిన్నవాళ్లకు ఆ ముక్కలో కొత్తదనం లేకపోయింది. పరాయి దేశంలో ఉన్న డచ్చి మనిషికి దూరం ఈ వారం రోజుల విరామాన్ని ఉచితంగా ఇస్తోంది. ఐదు కిలోల డ్రాప్ తెచ్చి వంటింటి అరలో పేర్చుకున్న మనిషి ఆ వరాన్ని తనంతట తానే పోగొట్టుకుంటున్నాడు. టీవీ ముందు చేయి దానంతటదే ప్యాకెట్లోకి వెళ్లి వస్తుంటుంది, ఏ ముక్క రుచీ విడిగా గుర్తుండదు, ప్యాకెట్ అయిపోయాక దిగులు మాత్రం మునుపటిలాగే ఉంటుంది.

దీనికి ఎవరైనా వెంటనే చెప్పే జవాబు ఒకటుంది. సొంత దేశంలో ఉన్న డచ్చివాళ్లు ఏ వేళా పాడూ లేకుండా రోజూ తింటూనే ఉన్నారు, సంతోషంగానే ఉన్నారు, బయటికి వచ్చినవాళ్లకు మాత్రం ఈ నియమాలెందుకని. ఆ 2 కిలోలను 365 రోజులకు పంచి చూడండి. రోజుకు ఐదున్నర గ్రాములు. అంటే చిన్న బిళ్లలు రెండు మూడు. ప్రపంచంలోకెల్లా ఎక్కువ తినే జాతి సగటు ఇంతే. పైగా అక్కడ తీపికి వేళను ఎవరూ పని పెట్టుకుని ఏర్పరచనక్కరలేదు, చుట్టూ ఉన్న జీవితమే ఏర్పరుస్తుంది. డిసెంబర్ 5 సాయంత్రం సింటర్‌క్లాస్ పండగకు స్పెకులాస్ బిస్కట్లు, గోళీలంత క్రౌడ్‌నోటెన్, ఎవరి పేరు మొదటి అక్షరం వాళ్లకిచ్చే చాక్లెట్. ఏడాది చివరి రాత్రి నూనెలో వేయించిన ఒలీబోలెన్. బిడ్డ పుడితే మౌషెస్. పొద్దున రొట్టె మీద చాక్లెట్ పలుకుల హాగెల్‌స్లాగ్. చర్చిలో ప్రసంగం మొదలవగానే పక్కవాళ్ల చేతికి అందించే పిప్పరమెంటు బిళ్ల. దేశం దాటగానే మిఠాయి వెంట వస్తుంది, ఈ సందర్భాలు వెనక ఉండిపోతాయి. డ్రాప్ దొరకడం లేదని బాధపడే మనిషికి నిజానికి తక్కువైనవి ఆ సందర్భాలే. ఒక మాట చెప్పాలి, అక్కడ కూడా ఈ వేళలు చెరిగిపోతున్నాయి. డిసెంబర్‌లో తినవలసిన క్రౌడ్‌నోటెన్ ఆగస్టు నెలాఖరుకే దుకాణాల్లో కనిపిస్తున్నాయని ఏటా జనం గొణుక్కుంటూనే ఉంటారు. ఆ గొణుగుడులో న్యాయం ఉంది.

వేళ ఉన్న తీపి తరాలు దాటుతుందనడానికి వలస చరిత్రే సాక్ష్యం. 1847లో హెన్డ్రిక్ స్కోల్టె వెంట వచ్చినవాళ్లు అయోవాలో పెల్లా పట్టణం కట్టుకున్నారు. అదే ఏడాది ఆల్బర్టస్ ఫాన్ రాల్టె వెంట వచ్చినవాళ్లు మిషిగన్‌లో హాలండ్ పట్టణం కట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లక్షల మంది కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దారి పట్టారు. ఆ కుటుంబాల మనవల్లో చాలామందికి డచ్చి భాష రాదు. కానీ మిషిగన్, ఒంటారియోల్లోని డచ్చి సంప్రదాయ చర్చిల్లో ప్రసంగం మొదలయ్యేసరికి పిప్పరమెంటు చేతులు మారడం మాత్రం ఆగలేదు. అందులో పేరున్న విల్హెల్మినా బిళ్లలు 1892లో అప్పటి బాల రాణి పన్నెండో పుట్టినరోజుకు నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లాండ్‌లో తయారైనవి, ఆమె ముఖం ఇప్పటికీ వాటి మీద ఉంటుంది. నిజానికి పిప్పరమెంటు రుచిలో డచ్చి ప్రత్యేకత ఏముంది? ఎక్కడైనా దొరికేదే. అయినా అది నిలిచింది, ఎందుకంటే దానికి ఒక గంట, ఒక బల్ల, పక్కన ఒక చేయి ఉన్నాయి. పెల్లాలో ఇంకో ఉదాహరణ ఉంది. సింటర్‌క్లాస్ పండగకు బాదం ముద్ద కూరి అక్షరం ఆకారంలో చేసే పిండివంట అక్కడ ఏడాది పొడవునా ఎస్ అక్షరంలోనే చేస్తారు. 1898 నుంచి నడుస్తున్న యార్స్‌మా బేకరీ ముందు మే నెల ట్యూలిప్ పండగ రోజుల్లో దానికోసం వరుసలు కడతారు. పాత వేళ కుదరక వాళ్లు కొత్త వేళను కట్టుకున్నారు, వంట బతికింది.

ఇక డ్రాప్ విషయంలో ఈ వాదనకు ఒంటి నుంచే గట్టి బలం ఉంది. 1946లో ఎఫ్. ఇ. రెఫర్స్ అనే డచ్చి వైద్యుడు కడుపులో పుండ్లకు అతిమధురం సారంతో చికిత్స చేస్తూ, కొందరు రోగులకు ఒళ్లు ఉబ్బడం, తలనొప్పి, ఆయాసం రావడం గమనించి రాశాడు. అతిమధురాన్ని అందరికన్నా ఎక్కువగా ప్రేమించే దేశం నుంచే ఈ హెచ్చరిక వచ్చింది. కారణం తర్వాత తేలింది. అతిమధురానికి ఆ తీపినిచ్చే గ్లిసరైజిన్, చక్కెర కన్నా ముప్పై నుంచి యాభై రెట్లు తియ్యన. అది ఒంట్లో మారి, కిడ్నీల్లో కార్టిసాల్ అనే హార్మోన్‌ను అదుపులో ఉంచే ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. అప్పుడు కార్టిసాల్ తన పని కాని పని చేస్తుంది. సోడియం, నీరు నిలిచిపోతాయి, పొటాషియం పోతుంది, బీపీ పెరుగుతుంది, మరీ ముదిరితే గుండె లయ తప్పుతుంది. యూరోపియన్ యూనియన్ ఆహార శాస్త్రీయ సంఘం 2003లో రోజూ తినేవాళ్లు 100 మిల్లీగ్రాముల గ్లిసరైజిక్ ఆమ్లం దాటవద్దంది. కిలోకు 4 గ్రాములు, అంతకు మించి ఉన్న మిఠాయి మీద, బీపీ ఉన్నవాళ్లు ఎక్కువగా తినవద్దన్న హెచ్చరిక అచ్చువేయాలని యూరప్ నిబంధన. ఆ గాఢత ఉన్న డ్రాప్ అయితే 25 గ్రాములకే రోజు పరిమితి నిండిపోతుంది. నలభై దాటినవాళ్లు రోజుకు 2 ఔన్సుల నల్ల లికరిస్ (అతిమధురం మిఠాయి) చొప్పున రెండు వారాలు తింటే ఆసుపత్రి పాలు కావచ్చని అమెరికా ఆహార, ఔషధ సంస్థ చెబుతోంది. వారాల తరబడి రోజూ పెద్ద ప్యాకెట్లు తిన్న 54 ఏళ్ల మసాచుసెట్స్ వ్యక్తి గుండె ఆగి చనిపోయిన ఉదంతం 2020లో వైద్య పత్రికకెక్కింది. కాబట్టి బీపీ ఉన్నవాళ్లు, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు, ఒంట్లో నీరు తగ్గించే మాత్రలు వాడేవాళ్లు, గర్భిణులు డ్రాప్ అలవాటు గురించి డాక్టర్‌కు తప్పక చెప్పాలి. అతిమధురం ఉన్న కషాయాలు, చూర్ణాలు వాడేవాళ్లు ఆ మోతాదునూ ఇందులో కలిపి చూసుకోవాలి. సొంత దేశపు సగటుకు ఈ హద్దు తగలదు. పెట్టె నింపుకుని వచ్చి, దిగులుతో వారంలో ఖాళీ చేసే మనిషికి తగులుతుంది.

ఇక్కడ మనసు వైపు నుంచి వచ్చే ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. బెంగ వేళ చూసుకుని రాదు. కొత్త దేశంలో ఒక చలి సాయంత్రం, తోడెవరూ లేనప్పుడు, ఒక బిళ్ల నోట్లో వేసుకుంటే ఊరట దొరుకుతుంది. ఆ ఊరటను కూడా క్యాలెండర్‌కు కట్టేస్తే మనిషి ఏమవుతాడు? ఇది న్యాయమైన ప్రశ్న. బెంగ పుట్టిన సాయంత్రం ఒక బిళ్ల తినవద్దని ఈ అధ్యాయం అనదు. ఆ ఒక్క బిళ్లను ఊరటగా నిలబెట్టేది ఏమిటన్నదే చర్చ. నెలకొకసారి స్నేహితులతో కాఫీ దగ్గరా, డిసెంబర్‌లో పిల్లలతోనూ తిన్న రుచే బెంగ సాయంత్రం తోడొస్తుంది, ఎందుకంటే దాని వెంట కొందరు మనుషులు గుర్తుకొస్తారు. ఒంటరి సాయంత్రాల్లో మాత్రమే తింటూ పోతే కొన్నాళ్లకు ఆ వాసన ఒంటరితనాన్నే గుర్తు చేయడం మొదలుపెడుతుంది. అందుచేత బెంగ కోసం విడిగా ఒక చిన్న డబ్బా పెట్టుకోండి, నాలుగు బిళ్లలు పట్టేది. అది ఖాళీ అయితే వచ్చే నెల దాకా నింపకండి, ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేయండి.

మరో వైపు నుంచి ఇంకో అభ్యంతరం వస్తుంది. పుట్టిన దేశపు తిండి పట్టుకుని వేలాడేవాళ్లు వెళ్లిన దేశంలో కలవలేరని. తాను తినే దాన్ని దాచుకునే మనిషి విషయంలో అది నిజం. పెట్టి తినేవాడి విషయంలో జరిగేది దానికి వ్యతిరేకం, పెల్లాలో డచ్చి రక్తం చుక్క లేనివాళ్లూ ఆ వరుసల్లో నిలబడుతున్నారు. అయితే పెట్టడంలో ఒక పద్ధతి కావాలి. 2014లో యేల్ విశ్వవిద్యాలయంలో ఎరికా బూత్‌బీ బృందం చేసిన ప్రయోగంలో, పక్కన ఇంకొకరు అదే సమయంలో అదే చాక్లెట్ తింటుంటే, మాట్లాడుకోకపోయినా, రుచి ఎక్కువగా అనిపించింది. చేదు చాక్లెట్ ఇచ్చినప్పుడు అయిష్టం కూడా ఎక్కువైంది. కలిసి తినడం ఇష్టాన్నీ పెంచుతుంది, అయిష్టాన్నీ పెంచుతుంది. కొత్తవాళ్ల చేతిలో చెప్పకుండా డబుల్ ఉప్పు డ్రాప్ పెట్టి వాళ్ల ముఖం చూసి నవ్వుకోవడం డచ్చివాళ్లలో పాత వేడుక. అది మానుకోవాలి. ఒక్క నవ్వు కోసం ఒక స్నేహితుణ్ణి ఆ రుచికి శాశ్వతంగా దూరం చేసుకోవడం అది. ముందు వేడి కాఫీ కప్పు మీద మూతలా పెట్టి మెత్తబరిచిన స్ట్రోప్‌వాఫెల్ అనే పాకం బిస్కట్ ఇవ్వండి, తర్వాత తేనె డ్రాప్, వాళ్లే అడిగితే ఉప్పుది, అందులో ఏముందో చెప్పి. శాకాహారులకు ఇచ్చేముందు ప్యాకెట్ వెనక చదవాలి. చాలా మెత్తని రకాల్లో జంతువుల నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది, చెట్టు జిగురుతోనో పిండితోనో చేసినవీ దొరుకుతాయి.

తెచ్చుకోవడం, దాచుకోవడం గురించి కొద్దిగా. డ్రాప్‌కు పొడి గాలి తగిలితే రాయిలా అవుతుంది, చెమ్మ తగిలితే ముద్దవుతుంది. గాలి చొరని డబ్బాలో, ఒకసారి ఒక్క ప్యాకెట్ మాత్రమే విప్పి పెట్టుకోవాలి. హాగెల్‌స్లాగ్ ఎండ దేశాలకు వేసవిలో తేవద్దు, కరిగి గడ్డ కడుతుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్లేవాళ్లు తినే వస్తువులు వెంట ఉన్నాయని ప్రయాణికుల ప్రకటనలో తప్పక తెలపాలి. డ్రాప్ ఇంట్లో చేయడం కష్టం, కొనుక్కోవడమే మేలు. స్పెకులాస్ మాత్రం తప్పక ఇంట్లో చేయాలి, ఎందుకంటే ఆ వాసన ఇల్లంతా పట్టడమే సగం పండగ. నాలుగు పాళ్లు దాల్చినచెక్క పొడికి ఒక్కో పాలు లవంగం, జాజికాయ, శొంఠి, అర పాలు చొప్పున యాలకులు, తెల్ల మిరియాలు. ఈ దినుసుల్లో తెలుగు నేల పాత్ర కూడా ఉంది. పదిహేడో శతాబ్దంలో డచ్చి ఈస్టిండియా కంపెనీ లవంగం, జాజికాయ కోసం మొలక్కస్ దీవుల్లో బదులుగా ఇచ్చిన సరుకుల్లో ముఖ్యమైనది కోరమాండల్ తీరపు నేత బట్ట, మచిలీపట్నం రేవు నుంచి వెళ్లినది కూడా అందులో ఉంది. ఆ ఊళ్లో డచ్చివాళ్లుండిన పేట ఇప్పటికీ వలందపాలెమే.

నెదర్లాండ్స్‌లో ఆమ్‌స్టెల్‌ఫేన్‌లోనో ఐండ్‌హోవెన్‌లోనో ఉద్యోగం చేసి పిల్లలతో హైదరాబాద్ తిరిగివచ్చే తెలుగు కుటుంబాలకు ఈ అధ్యాయం తిరగేసి వర్తిస్తుంది. తల్లిదండ్రులకు అది సొంతూరికి రావడం, అక్కడే బడికెళ్లి పెరిగిన పిల్లకు మాత్రం డ్రాప్ దొరకని పరాయి దేశానికి రావడం. ఇక్కడ ఇన్ని స్వీట్లుండగా ఆ నల్ల బిళ్లలెందుకని కసురుకోవద్దు. డిసెంబర్ 5 సాయంత్రం ఆ పిల్ల పేరులో మొదటి అక్షరం చాక్లెట్‌తో పోసి ఇవ్వండి, డచ్చి అక్షరమైనా సరే, తెలుగు అక్షరమైనా సరే. పక్కింటి పిల్లలను పిలవండి. అక్కడి నుంచి ఎవరైనా వస్తూ ఏం తెమ్మంటావని అడిగితే ఒక తేనె డ్రాప్, ఒక ఉప్పు డ్రాప్, రెండు ప్యాకెట్లు చాలని చెప్పండి. అవి చేరిన రోజే, ఎవరెవరితో ఎప్పుడు విప్పాలో ఆ పిల్లనే అడిగి క్యాలెండర్ మీద రాయించండి.